లేదన్న జవాబు

కంప్యూటరుకు వరసగా ఇవ్వవలసిన ఆదేశాలను ముందుగానే ఒక ఫైలులో రాసిపెట్టుకుని, అవసరమైనప్పుడల్లా నడిపించుకునేదాన్ని షెల్ స్క్రిప్టు అంటారు. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలలో వాడుకరి టైపు చేసిన కమాండును చదివి, దానికి తగిన ప్రోగ్రామును నడిపించే మధ్యవర్తి పేరు షెల్. అటువంటి స్క్రిప్టులను వరసపెట్టి చదివితే పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఫలానా ఫైలు ఉన్నదా? ఉబుంటు యంత్రంలో ప్రతి వాడుకరి హోమ్ డైరెక్టరీలోనూ కనిపించే డాట్ ప్రొఫైల్ అనే చిన్న స్క్రిప్టునే తీసుకుంటే, అది ముందుగా డాట్ బాష్ఆర్‌సీ అనే ఫైలు ఉన్నదా అని అడిగి, ఉంటే దాన్ని చదువుతుంది. ఆ తరువాత బిన్ అనే డైరెక్టరీ ఉన్నదా అని అడిగి, ఉంటే దాన్ని కమాండులు వెతికే చోట్ల జాబితాలో చేరుస్తుంది. వాడుకరి లాగిన్ అయినప్పుడల్లా ఈ ప్రశ్నోత్తరాలు ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంటాయి. ప్రశ్న ఇంత చిన్నది కనుక జవాబూ చిన్నదేనని, ఉంటే ఉందనీ లేకుంటే లేదనీ ఇట్టే తేలిపోతుందనీ స్క్రిప్టులు రాసేవారు సాధారణంగా నమ్ముతారు. ఆ నమ్మకంలో సగం సబబైనదే. ఉందని వచ్చిన జవాబును కొంతవరకు నమ్మవచ్చు; లేదని వచ్చిన జవాబుతోనే చిక్కు ఎక్కువ.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్‌కు తొలినాళ్ళలో ఉన్న షెల్ చాలా సన్నపాటిది. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో సైతం ఇఫ్ అనేది, అంటే షరతు నిజమైతేనే ఫలానా పని చేయమనే మాట, షెల్ వెలుపల ఉండే ఒక విడి ప్రోగ్రాము. ఫైలును చదవడానికి వీలవుతుందా లేదా అని చూసే పని కూడా దాని చేతిలోనే ఉండేది. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన కొత్త షెల్ ఇఫ్‌ను తన భాషలో భాగం చేసుకుని, పరీక్షించే పనిని మాత్రం టెస్ట్ అనే వేరొక ప్రోగ్రాముకు అప్పగించింది. ఈ పంపకంలో ఒక తెలివి ఉన్నది. షెల్‌కు ఫైళ్ళ స్వభావం గురించి ఏమీ తెలియనక్కరలేదు. టెస్ట్ తన పని ముగించి వెళ్ళేటప్పుడు విడిచిపెట్టే ఒక అంకెను, అంటే ఎగ్జిట్ స్టేటస్‌ను చూసి, ఏ దారిన పోవాలో షెల్ తేల్చుకుంటుంది. ఆ అంకె సున్నా అయితే అడిగినది నిజం, ఒకటి అయితే అబద్ధం, అంతకు మించితే పరీక్షే సరిగా జరగలేదని లెక్క. అనేక భాషలలో సున్నాను అబద్ధంగా ఎంచడం అలవాటైనవారికి ఇది తలకిందుల వ్యవహారంగా తోస్తుంది గాని, షెల్ లోకంలో సున్నా అంటే ఫిర్యాదు లేదని అర్థమనీ, ఫిర్యాదులు రకరకాలుగా ఉండవచ్చు కనుక మిగిలిన అంకెలన్నీ వాటికి కేటాయించారనీ తెలిస్తే ఆ ఏర్పాటు సహజంగానే కనిపిస్తుంది. టెస్ట్‌కు అన్ని అంకెలు అందుబాటులో ఉన్నా అది వాటిని ఎంత పొదుపుగా వాడుకున్నదో ముందు ముందు చూడవలసి ఉంటుంది.

స్క్రిప్టులలో టెస్ట్ అన్న పేరు కన్నా చదరపు బ్రాకెట్ ఎక్కువగా కనిపిస్తుంది. చూపుకు విరామచిహ్నంలా ఉండే ఈ తెరిచే బ్రాకెట్ కూడా ఒక కమాండు పేరే. మూసే బ్రాకెట్ ఆ కమాండుకు అందించే చివరి ఆర్గ్యుమెంటు, అంటే కమాండు పేరు తరువాత దానికి అందే మాటలలో ఆఖరుది. లినక్స్ యంత్రంలో యూఎస్ఆర్ కింది బిన్ డైరెక్టరీ జాబితా తీస్తే, ఒకే ఒక్క బ్రాకెట్ గుర్తు పేరుగా గల ఫైలు ఈనాటికీ అక్కడ కూర్చుని ఉంటుంది. వేగం కోసం చాలా షెల్లులు ఆ పనిని తమలోనే కలుపుకున్నా, దాన్ని తీసివేయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. బ్రాకెట్‌కు అటూ ఇటూ ఖాళీ వదలకపోతే స్క్రిప్టు ఎందుకు మొరాయిస్తుందో ఈ ఒక్క సంగతితో తేటపడుతుంది: కమాండు పేరుకూ దాని ఆర్గ్యుమెంటుకూ నడుమ ఖాళీ లేకపోతే రెండూ అతుక్కుని మరో పేరవుతాయి, ఆ పేరుతో కమాండేదీ ఉండదు. ఇంత సులువైన కారణాన్ని చెప్పకుండా, ఖాళీ వదలాలన్న నియమాన్ని మాత్రం కంఠస్థం చేయించే బోధన వల్ల నేర్చుకునేవారికి మేలు జరగదు.

ఏడో ఎడిషన్ టెస్ట్‌లో మైనస్ ఎఫ్, మైనస్ డి అనే పరీక్షలు ఉన్నాయి గాని, ఉనికిని తప్ప మరేదీ అడగని మైనస్ ఈ లేదు. మైనస్ డి డైరెక్టరీ ఉన్నదా అని అడుగుతుంది; మైనస్ ఎఫ్‌కు ఆనాటి అర్థం, ఆ పేరుతో ఏదో ఉన్నది, అది డైరెక్టరీ కాదు అని. యూనిక్స్‌లో పరికరాలు, పైపులు, సాకెట్లు కూడా ఫైళ్ళ రూపంలోనే కనిపిస్తాయి కనుక, తరువాతి కాలంలో మైనస్ ఎఫ్ అర్థాన్ని రెగ్యులర్ ఫైలుకు, అంటే దత్తాంశం దాచుకునే మామూలు ఫైలుకు కుదించారు. 1992లో వెలువడిన పోసిక్స్ ప్రమాణం, అంటే వేరువేరు సంస్థల యూనిక్స్‌లన్నీ ఒకే తీరుగా నడుచుకోవాలని రాసుకున్న ఒప్పందం, మైనస్ ఈని అందరికీ తప్పనిసరి చేసింది. అయినా సొలారిస్ వంటి వ్యవస్థలలోని పాత బోర్న్ షెల్‌కు అది చాలాకాలం తెలియనే తెలియదు. ఎక్కడైనా నడవవలసిన స్క్రిప్టులు రాసేవారు అందుకే మైనస్ ఎఫ్‌నే పట్టుకుని ఉన్నారు. ఆ జాగ్రత్త అవసరం తీరిపోయి, అలవాటుగా మిగిలినచోట దాని పర్యవసానాలు వింతగా ఉంటాయి. పంపినదంతా మింగేసే డెవ్ నల్ అనే పరికరాన్ని మైనస్ ఎఫ్‌తో అడిగితే లేదన్న జవాబే వస్తుంది.

దీనికన్నా విచిత్రమైనది సింబాలిక్ లింకు సంగతి. సింబాలిక్ లింకు అంటే తనలో మరో ఫైలు దారిని మాత్రమే రాసిపెట్టుకున్న ఫైలు. దాన్ని తెరవబోతే కెర్నల్, అంటే వ్యవస్థ గుండెకాయ వంటి ప్రోగ్రాము, ఆ దారి పట్టుకుని అసలు ఫైలు దగ్గరికి తీసుకుపోతుంది. అసలు ఫైలును ఎవరైనా తుడిచివేస్తే లింకు దిక్కులేనిదై మిగులుతుంది. మైనస్ ఈ లింకును చూడదు, లింకు చూపే గమ్యాన్ని చూస్తుంది, కనుక లేదంటుంది. ఆ మాట నమ్మి అదే పేరుతో కొత్త లింకు పెట్టబోయిన స్క్రిప్టుకు మరుసటి పంక్తిలోనే ఆ పేరుతో ఫైలు ఉన్నదంటూ లోపం ఎదురవుతుంది. ఒకే యంత్రం, ఒకే పేరు విషయంలో, వెంట వెంట రెండు పంక్తులలో లేదనీ ఉన్నదనీ చెప్పడం, రెండు మాటలూ తమ తమ నిర్వచనాల ప్రకారం నిజం కావడం స్క్రిప్టు రాసేవారికి మింగుడుపడని విషయం. లింకునే అడగదలచినవారు మైనస్ ఎల్ అనే మరో పరీక్షను కలుపుకోవాలి.

ఒక వస్తువు లేదని ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. నేలమీద కుండ లేదని చూసినవాడికి కలిగే జ్ఞానం ఎటువంటిదన్న విషయం మీద భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. కుమారిలభట్టును అనుసరించిన మీమాంసకులు అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, ప్రత్యక్షం అనుమానం వంటివాటి సరసన నిలిచే వేరొక ప్రమాణమని, అంటే జ్ఞానసాధనమని, అన్నారు. అద్వైతులు వారితో ఏకీభవించారు. నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోకుండా, లేమిని కూడా ఇంద్రియాలే పట్టుకుంటాయనీ, కనబడకపోవడం అందుకు తోడ్పడుతుందనీ వాదించారు. ఈ రెండు పక్షాలవారూ ఒక షరతును మాత్రం గట్టిగా పట్టుకున్నారు. కనబడని ప్రతిదీ లేనిది కాదు. ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేది అనదగిన చోట కనబడకపోతేనే లేదని చెప్పే హక్కు కలుగుతుంది. దానికి వారు యోగ్యానుపలబ్ధి అని పేరు పెట్టారు. చీకటిగదిలో కుండ కనబడకపోవడం కుండ లేదనడానికి చాలదు.

టెస్ట్ కమాండు ఈ షరతును పాటించదు. ఫైలు ఉన్నదా అని అడిగినప్పుడు అది స్టాట్ అనే సిస్టమ్ కాల్ ద్వారా, అంటే కెర్నల్‌కు ప్రోగ్రాములు పెట్టుకునే విన్నపం ద్వారా, ఆ ఫైలు వివరాలు కోరుతుంది. కెర్నల్ ఈ విషయంలో చాలా నిక్కచ్చి మనిషి. ఆ పేరుతో ఏదీ లేకపోతే ఈనోఎంట్ అనే లోపసంకేతాన్ని ఇస్తుంది. దారిలోని ఒక డైరెక్టరీలోకి అడుగుపెట్టే పర్మిషన్ అడిగినవారికి లేకపోతే ఈయాక్సెస్ అంటుంది. డైరెక్టరీ ఉండవలసిన చోట మామూలు ఫైలు అడ్డు వస్తే ఈనాట్‌డిర్ అంటుంది. లింకులు ఒకదాన్నొకటి చూపించుకుంటూ గిరగిర తిరిగితే ఈలూప్ అంటుంది. ఇంత వివరంగా వచ్చిన సమాధానాన్ని టెస్ట్ తన దగ్గరే పారవేసి, అన్నింటికీ కలిపి ఒకటి అనే అంకెను షెల్ చేతిలో పెడుతుంది. రూట్ వాడుకరికి, అంటే సర్వాధికారాలు గల నిర్వాహకుడికి, తప్ప ఎవరికీ ప్రవేశం లేని డైరెక్టరీలోని ఫైలును మామూలు వాడుకరి పేరుతో నడిచే స్క్రిప్టు అడిగితే, తలుపు మూసి ఉన్నదని చెప్పవలసినది పోయి, లోపల ఎవరూ లేరని చెప్పినట్టవుతుంది. చేత్తో నడిపినప్పుడు సవ్యంగా నడిచి, క్రాన్, అంటే వేళకు పనులు నడిపే ఏర్పాటు, కింద నడిచినప్పుడు ఫైలు లేదని మొత్తుకునే స్క్రిప్టుల చిక్కులలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంటుంది. అడిగినవారు మారారు, ఫైలు మారలేదు.

నిజంగానే లేని సందర్భాలలో కూడా ఆ లేమి ఒక్క రకానిది కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కానికి తొలి పాఠ్యగ్రంథం. అందులో అభావాన్ని, అంటే లేమిని, ఏడో పదార్థంగా లెక్కించి నాలుగు విధాలుగా విభజించారు. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, నశించిన తరువాతిది ప్రధ్వంసాభావం, మూడు కాలాలలోనూ ఉండే లేమి అత్యంతాభావం, ఇది అది కాదన్న భేదం అన్యోన్యాభావం. రాత్రి పదకొండుకు రావలసిన లెక్కల ఫైలు పదిన్నరకు లేకపోవడం మొదటి రకం, అక్కడ స్క్రిప్టు చేయవలసినది నిరీక్షణ. నిన్నటిదాకా ఉన్న ఫైలును ఎవరో తుడిచివేయడం రెండో రకం, అక్కడ అవసరమైనది ఆందోళన. హోమ్ డైరెక్టరీని సూచించే టిల్డె గుర్తును కొటేషన్ గుర్తుల నడుమ రాస్తే షెల్ దాన్ని విప్పి చదవదు కనుక, స్క్రిప్టు టిల్డె అనే పేరుగల డైరెక్టరీ కోసం వెతుకుతుంది. అటువంటిది ఏనాడూ లేదు, ఇకముందు ఉండబోదు, కనుక ఎంతసేపు నిరీక్షించినా ఫలితం ఉండదు. మైనస్ ఎఫ్ పరీక్షకు డైరెక్టరీ పేరు ఇచ్చినప్పుడు వచ్చే లేదన్న జవాబు నాలుగోదానికి దగ్గరగా ఉంటుంది. ఈ పోలికను తాడు తెగేదాకా లాగకూడదు. అన్నంభట్టు మనసులో ఉన్నది వస్తువుల లోకం, ఫైళ్ళ లోకం కాదు. అయినా లేమిలో రకాలున్నాయని తర్కం మొదటి మెట్టు మీద ఉన్న విద్యార్థికి చెప్పిన సంగతిని టెస్ట్ కమాండు ఒక్క అంకెలో చదును చేసిందన్న విమర్శ న్యాయమైనదే.

ఫైలు వేరు, ఫైలు పేరు వేరు అన్న యూనిక్స్ సిద్ధాంతం ఈ చిక్కును మరింత బిగిస్తుంది. ఫైలు అసలు వివరాలు, దాని దత్తాంశం డిస్కులో ఎక్కడెక్కడ ఉన్నదన్న లెక్క ఇనోడ్ అనే నమోదులో ఉంటాయి. డైరెక్టరీ అనేది పేర్లనూ ఇనోడ్ సంఖ్యలనూ జతపరిచిన పట్టిక మాత్రమే. ఒక ప్రోగ్రాము తెరిచి పట్టుకున్న లాగ్ ఫైలును, అంటే జరిగినవన్నీ రాసుకుంటూ పోయే చిట్టాను, మరొకరు తుడిచివేస్తే పోయేది పేరే. ఆ ప్రోగ్రాము ఫైలును మూసేదాకా ఇనోడ్ ఉంటుంది, దత్తాంశం ఉంటుంది, డిస్కులో ఆక్రమించిన చోటూ ఉంటుంది. డైరెక్టరీలలోని ఫైళ్ళ పరిమాణాలు కూడి చెప్పే డీయూ కమాండు తక్కువ లెక్కను, డిస్కు మొత్తం నిండిన మేరను చెప్పే డీఎఫ్ కమాండు ఎక్కువ లెక్కను చూపుతూ, తేడా ఎక్కడికి పోయిందో తెలియక సిస్టమ్ నిర్వాహకులు తలలు పట్టుకునే సందర్భం ఇది. మైనస్ ఈ ఆ ఫైలు లేదంటుంది. దానికి తెలిసినది పేరే కనుక, పేరు లేనిదాన్ని గురించి అది మరో మాట చెప్పలేదు.

లేమిని పదార్థంగా ఒప్పుకోవడం వింతగా తోచేవారికి లినక్స్ కెర్నల్ లోపలి ఏర్పాటు ఒకటి ఆసక్తికరంగా ఉంటుంది. పేర్లను వెతికే పనిని వేగిరపరచడానికి కెర్నల్ ఒకసారి వెతికిన పేర్లను జ్ఞాపకంలో దాచుకుంటుంది. ఆ దాచుకున్న ఒక్కొక్క నమోదును డెంట్రీ అంటారు. వెతికిన పేరు దొరకకపోతే ఆ దొరకకపోవడాన్ని కూడా నెగెటివ్ డెంట్రీ రూపంలో జ్ఞాపకం పెట్టుకుంటుంది. వాడుకరి ఒక కమాండు పేరు టైపు చేసినప్పుడు షెల్ దాన్ని ఐదారు డైరెక్టరీలలో వరసగా వెతుకుతుంది. నాలుగో చోట దొరికితే ముందరి మూడు చోట్ల లేదన్న సంగతి కెర్నల్ జ్ఞాపకంలో నమోదై ఉంటుంది, మళ్ళీ వెతికినప్పుడు డిస్కు దాకా పోకుండానే జవాబు వస్తుంది. లేమికి ఇక్కడ చిరునామా ఉంది, అది జ్ఞాపకంలో చోటు ఆక్రమిస్తుంది కూడా. ఒకే యంత్రంలో ఈ జ్ఞాపకం ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటుంది గాని, ఫైళ్ళు వేరే యంత్రంలో ఉండి ఎన్ఎఫ్ఎస్ అనే నెట్‌వర్కు పద్ధతిలో అందుతున్నప్పుడు అది పాతబడిపోతుంది. సాధారణ అమరికలో డైరెక్టరీ వివరాలను ఎన్ఎఫ్ఎస్ 30 నుంచి 60 సెకన్ల దాకా దాచుకుంటుంది కనుక, ఒక యంత్రంలో అప్పుడే పుట్టిన ఫైలు పక్క యంత్రంలో నడుస్తున్న స్క్రిప్టుకు కొంతసేపు లేనట్టే ఉంటుంది.

లేదన్న జవాబు ఇంత సందిగ్ధమైనదైతే ఉన్నదన్న జవాబైనా కలకాలం నిలిచేదా అంటే, అదీ అనుమానమే. షెల్ భాషలోని ఒక గుంట ఎందరినో పడేసింది. వేరియబుల్, అంటే విలువను దాచుకునే పేరు, కొటేషన్ గుర్తులు లేకుండా బ్రాకెట్ల నడుమ మైనస్ ఎఫ్ తరువాత రాసి ఉన్నదనుకుంటే, ఆ వేరియబుల్ ఖాళీగా ఉన్న రోజున షెల్ దాన్ని పూర్తిగా మాయం చేసి, మైనస్ ఎఫ్ అన్న ఒక్క ఆర్గ్యుమెంటునే టెస్ట్‌కు అందిస్తుంది. ఒకే ఆర్గ్యుమెంటు వచ్చినప్పుడు దాన్ని పరీక్ష పేరుగా తీసుకోకూడదనీ, అది ఖాళీ కాని అక్షరాల వరస అయితే నిజమని చెప్పాలనీ పోసిక్స్ ప్రమాణంలోని నియమం. మైనస్ ఎఫ్ అనే రెండక్షరాలు ఖాళీ కావు. కనుక టెస్ట్ నిజమంటుంది. పేరే లేని ఫైలు ఉన్నదని ధ్రువీకరణ పత్రం వస్తుంది. వేరియబుల్‌లో జీతాల జాబితా అని నడుమ ఖాళీ ఉన్న పేరు ఉంటే ఇంకో ముచ్చట: షెల్ దాన్ని రెండు మాటలుగా చీలుస్తుంది, టెస్ట్ అర్థం కాలేదని ఫిర్యాదు చేసి రెండు అనే అంకెను విడిచివెళుతుంది, ఇఫ్‌కు సున్నా తప్ప అన్నీ అబద్ధమే కనుక పరీక్ష జరగకపోవడం కూడా ఫైలు లేకపోవడంగా చెలామణి అవుతుంది. కోర్న్ షెల్ నుంచి బాష్ అనే షెల్‌కు వచ్చిన జంట బ్రాకెట్లలో ఈ చీలిక జరగదు. పాత బ్రాకెట్‌తోనే నడిచేవారు ప్రతి వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడం తప్ప గత్యంతరం లేదు.

ఖాళీ వేరియబుల్ చేయగల చెరుపుకు 2015 జనవరిలో బయటపడిన ఉదంతం ఒకటి ఉదాహరణగా నిలిచిపోయింది. లినక్స్ కోసం వచ్చిన స్టీమ్ అనే ఆటల వేదికలోని స్క్రిప్టు, తాను ఉన్న డైరెక్టరీ ఏదో కనుక్కుని ఒక వేరియబుల్‌లో పెట్టుకునేది. డైరెక్టరీని వేరే చోటికి మార్చిన సందర్భంలో ఆ ప్రయత్నం విఫలమై వేరియబుల్ ఖాళీగా మిగలగా, దాని వెనుక స్లాష్, నక్షత్రం గుర్తు చేర్చి తుడిచివేతకు దిగిన పంక్తి, వాడుకరికి చెందిన ఫైళ్ళన్నింటినీ ఊడ్చిపెట్టింది. ఆ పంక్తి పక్కనే, ఇది భయం గొలిపే పని అన్న అర్థంలో రాసినవారి వ్యాఖ్య కూడా ఉండటం గమనించదగినది. భయపడినవారు ఆ భయాన్ని వ్యాఖ్యగా రాసి ఊరుకోకుండా, వేరియబుల్ ఖాళీనా కాదా అన్న ఒక్క పరీక్షగా రాసి ఉంటే సరిపోయేది.

అన్నీ సవ్యంగా రాసినా కాలం మిగిలే ఉంటుంది. ఫైలు ఉన్నదని టెస్ట్ చెప్పిన క్షణానికీ, స్క్రిప్టు దాన్ని తెరిచే క్షణానికీ నడుమ ఎడం ఉంటుంది. ఆ ఎడంలో మరో ప్రోగ్రాము దాన్ని తుడిచివేయవచ్చు, లేనిచోట కొత్తది పెట్టవచ్చు, అందరూ రాయగల టెంప్ డైరెక్టరీలోనైతే దురుద్దేశంతో సింబాలిక్ లింకును అమర్చి స్క్రిప్టు రాతను మరో ముఖ్యమైన ఫైలు మీదికి మళ్ళించవచ్చు. పరీక్షకూ వాడకానికీ నడుమ ఏర్పడే ఈ పోటీని భద్రతా లోపాల తరగతిగా గుర్తించి మాట్ బిషప్, మైఖేల్ డిల్గర్ 1996లో విశ్లేషించారు. ఎడం ఎంత చిన్నదైనా సున్నా కాదు కనుక, ఎన్నిసార్లు పరీక్షించినా ఈ దోషం పోదు. పోగొట్టే మార్గం పరీక్షను మానుకోవడమే. ఒకే పని రెండు చోట్ల ఒకేసారి నడవకుండా తాళం వేయదలచినవారు, తాళం ఫైలు ఉన్నదా అని అడిగి, లేకపోతే సృష్టించడం కన్నా, నేరుగా మేక్‌డిర్ కమాండుతో డైరెక్టరీని సృష్టించబోవడం మేలు. ఆ పేరు అప్పటికే ఉంటే మేక్‌డిర్ విఫలమవుతుంది, లేకపోతే సఫలమవుతుంది, అడగడమూ చేయడమూ కెర్నల్ లోపల విడదీయరాని ఒకే పనిగా జరిగిపోతాయి. ఉంటే తుడవాలి, లేకపోతే ఫరవాలేదు అనుకునేచోట ఆర్ఎం కమాండుకు మైనస్ ఎఫ్ (ఇది టెస్ట్‌లోని మైనస్ ఎఫ్ కాదు) చేర్చితే చాలు, ముందుగా ఉనికిని విచారించనక్కరలేదు. తాత్కాలిక ఫైలుకు పేరు తామే ఊహించుకోకుండా మేక్‌టెంప్ కమాండుకు వదిలివేయడమూ ఇటువంటిదే.

ఉన్నంత మాత్రాన పనికివచ్చే స్థితిలో ఉన్నదని కూడా కాదు. ఒక సంస్థ కంప్యూటరు మరో సంస్థకు రాత్రివేళ పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు, అందుకునే పక్కన ఉన్న స్క్రిప్టు నిమిషానికోసారి ఫైలు వచ్చిందా అని చూస్తుంటుంది; మొదటి అక్షరం చేరగానే ఉన్నదన్న జవాబు వస్తుంది, సగం ఫైలే లెక్కలోకి పోతుంది. పరిమాణం సున్నా కన్నా ఎక్కువా అని అడిగే మైనస్ ఎస్ కూడా ఇక్కడ ఆదుకోదు. పంపేవారు మొదట వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అదే డిస్కు విభాగంలో పేరు మార్చితే, ఆ పేరుమార్పు ఒక్క పెట్టున జరుగుతుంది కనుక అసలు పేరు కనిపించేసరికి ఫైలు పూర్తిగా ఉంటుంది. బ్యాకప్ డిస్కు విషయంలో ఇంకో మోసం ఉన్నది. విడి డిస్కును తగిలించడానికి, అంటే మౌంట్ చేయడానికి, డైరెక్టరీ ఒకటి ముందే ఉండాలి. డిస్కు తగలని రోజున కూడా ఆ డైరెక్టరీ ఉంటుంది. మైనస్ డి ఉన్నదంటుంది, స్క్రిప్టు నిశ్చింతగా బ్యాకప్ అంతా అసలు డిస్కులోనే పోసి దాన్ని నింపేస్తుంది. మౌంట్‌పాయింట్ అనే కమాండు ఈ తేడాను పట్టగలదు. దాన్ని వాడేవారు తక్కువ.

ఇన్ని లోపాలు చెప్పిన తరువాత కూడా ఉనికి పరీక్షను తీసిపారేయడం న్యాయం కాదు. కొన్ని చోట్ల ఉండటమే ఫైలు చేసే పని. ఈటీసీ డైరెక్టరీలో నోలాగిన్ అనే ఫైలు ఉంటే రూట్ తప్ప మరెవరూ లాగిన్ కాలేరు, ఆ ఫైలు ఖాళీగా ఉన్నా సరే. భారీ దత్తాంశాన్ని సంభాళించే హడూప్ వ్యవస్థలో పని పూర్తయినదానికి గుర్తుగా సక్సెస్ అనే సున్నా పరిమాణపు ఫైలు పుడుతుంది. డెబియన్ లినక్స్ సంప్రదాయం ఇంకా ముచ్చటైనది. అక్కడ ఒక ప్యాకేజీని తొలగించినప్పుడు ప్రోగ్రాములు పోయినా, వాడుకరి దిద్దుకుని ఉండవచ్చునన్న మర్యాదతో అమరికల ఫైళ్ళను ఈటీసీలో అలాగే ఉంచుతారు. ఆ ప్రోగ్రామును మొదలుపెట్టే పాత పద్ధతి స్క్రిప్టు కూడా అమరికల ఫైలే కనుక, యజమాని పోయినా అది మిగిలిపోయి, ప్రతి బూటింగులోనూ నడిచేది. అందుకే దాని మొదట్లోనే తాను నడిపించవలసిన ప్రోగ్రాము ఉన్నదా, నడిపించడానికి పర్మిషన్ ఉన్నదా అని మైనస్ ఎక్స్‌తో అడిగి, లేకపోతే చప్పుడు చేయకుండా తప్పుకోవడం ఆ స్క్రిప్టుల ఆనవాయితీ. ఇక్కడ లేమి మామూలు సంగతి, దాని కారణంతో స్క్రిప్టుకు నిమిత్తం లేదు. కనుక ఒక్క అంకె జవాబు చాలు. డాట్ ప్రొఫైల్ అడిగే ప్రశ్నలూ ఈ కోవలోవే. ముందుగా అడిగి, ఫలానా ఫైలు ఫలానా చోట పెట్టండి అని వాడుకరికి అర్థమయ్యే మాటలో చెప్పడానికి కూడా ఈ పరీక్షకు మించిన సాధనం లేదు.

లేమి అనర్థమయ్యే చోట మాత్రం కారణం తెలియాలి, టెస్ట్ దాన్ని చెప్పదు. పేరు లేకపోవడానికి ఒకటి, దారి మూసి ఉండటానికి మరొకటి చొప్పున రెండు వేరువేరు అంకెలు కేటాయించి ఉంటే సరిపోయే పని ఇది. ఒకటికి మించిన అంకెలను లోపాల కోసం ప్రమాణమే విడిచిపెట్టింది, దారి మూసి ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని వాడుకోవడం అసాధ్యమేమీ కాదు. అలా చేయకపోగా, దారి పట్టుకుని గమ్యం చేరలేకపోతే మైనస్ ఈ జవాబు అబద్ధమేనని ప్రమాణం రాసిపెట్టింది. 2024లో వచ్చిన పోసిక్స్ సవరణ, రెండు ఫైళ్ళలో ఏది కొత్తది, ఏది పాతది, రెండూ ఒకటేనా అని అడిగే మూడు పరీక్షలను ఎట్టకేలకు టెస్ట్‌కు చేర్చింది గాని, ఈ సంగతి జోలికి పోలేదు. కనుక కారణం కావలసినవారు ఇప్పటికీ ఆ ఫైలును తెరవబోయి, తెరుచుకోనప్పుడు తెరమీద కనిపించే లోపసందేశాన్ని చదువుకోవలసిందే. స్క్రిప్టులలో ఆ సందేశాన్ని డెవ్ నల్‌కు పంపి మాయం చేసే అలవాటు ఉన్నవారు ముందు ఆ అలవాటు మానుకోవాలి.